నర్సింగ్, పారామెడికల్ కోర్సుల్లో చేరాలనుకునే నెల్లూరు, ప్రకాశం పిల్లలు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. ఉదయగిరి నుంచి ఒకరు, కనిగిరి నుంచి ఒకరు, కావలి నుంచి ఇంకొకరు అడుగుతారు. ఊళ్ళు వేరైనా అడిగేవి ఇంచుమించు ఇవే. అందుకే ఒకచోట రాసి పెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## చేరకముందు

ఏఎన్ఎం, జీఎన్ఎం, బీఎస్సీ నర్సింగ్... వీటికి తేడా ఏంది?

ఏఎన్ఎం (ఆక్సిలరీ నర్స్ మిడ్‌వైఫ్) రెండేళ్ళ కోర్సు, ఆడపిల్లలకే. సబ్ సెంటర్లో టీకాలు వేయడం, గర్భిణుల్ని చూసుకోవడం లాంటి ఊరి పనికి సరిపోయే చదువు. జీఎన్ఎం (జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ) మూడేళ్ళ డిప్లొమా, ఇంటర్ ఏ గ్రూప్ అయినా చేరొచ్చు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళ డిగ్రీ, దీనికి బైపీసీ ఉండాలి. జీఎన్ఎం చేసి నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ అయినవాళ్ళు రెండేళ్ళ పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివి డిగ్రీ తెచ్చుకోవచ్చు.

బైపీసీ మార్కులు ఉండి, నాలుగేళ్ళు చదివించే ఓపిక ఇంట్లో ఉంటే బీఎస్సీకే వెళ్ళమంటాను. వార్డులో జీఎన్ఎం వాళ్ళ పని, బీఎస్సీ వాళ్ళ పని ఒకేలా కనిపిస్తాయి. కానీ పై చదువుకైనా, ప్రమోషన్‌కైనా, విదేశాలకైనా డిగ్రీ ఉన్నవాళ్ళకు దారి తొందరగా తెరుచుకుంటుంది.

మా పాపకి బైపీసీలో మార్కులు తక్కువొచ్చాయి. బీఎస్సీ నర్సింగ్‌కి ఎంత ఉండాలి?

ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కలిపి 45 శాతం ఉండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 40 శాతం. ఇంగ్లీషు విడిగా పాసై ఉండాలి. చేరే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్ళు నిండాలి. ఇవి భారత నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన కనీస అర్హతలు. 45 ఉన్నంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు, ర్యాంకు రావాలి.

ఎంపీసీ చదివాను. నర్సింగ్ ఎట్టా?

జీఎన్ఎం ఉంది. బీఎస్సీయే కావాలంటే బయాలజీ లేకుండా కుదరదు.

నీట్ రాయాలా?

రాష్ట్రంలో బీఎస్సీ నర్సింగ్ సీటుకు నీట్ ర్యాంకుతో పని లేదు. ప్రవేశం ఏ పరీక్షతో, ఏ తేదీల్లో అన్నది ఆ ఏడాది విజయవాడ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్లోనే చూడాలి. పోయినేడాది అక్క ఇలా చేసిందని అదే దారిలో పోవద్దు. సైన్యంలో మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ద్వారా బీఎస్సీ చేయాలనుకునే ఆడపిల్లలకు మాత్రం నీట్ కావాలి.

నర్సింగా, ఎంఎల్‌టీనా (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ), డయాలసిస్ టెక్నాలజీనా? ఏది తీసుకుంటే మంచిది?

పిల్ల స్వభావం చూసి తీసుకోవాలి. నర్సు రోజంతా రోగి పక్కన ఉంటుంది. రోగి కోపం, బంధువుల అరుపులు, మూత్రం సంచి, మందుల లెక్క అన్నీ ఆమెవే. ల్యాబ్ టెక్నీషియన్ రోగిని చూసేది రక్తం తీసేటప్పుడే, మిగతా పనంతా శాంపిళ్ళతో, యంత్రాలతో. అనస్థీషియా, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ చేసినవాళ్ళు థియేటర్లోనే ఉంటారు. డయాలసిస్ టెక్నీషియన్ పని ఇంకో రకం. అదే రోగి వారానికి రెండు మూడుసార్లు, ఏళ్ళ తరబడి వస్తాడు. యంత్రం తెలిస్తే సరిపోదు, మనిషితో మెలగడం కూడా రావాలి.

మన వైపు సంగతి ఒకటి చెప్పాలి. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి దిక్కున కనిగిరి చుట్టూ ఫ్లోరైడ్ నీళ్ళ బాధ, కిడ్నీ జబ్బుల బాధ ఎప్పటి నుంచో ఉన్నవే. డయాలసిస్ తెలిసినవాళ్ళ అవసరం ఇక్కడ ఇప్పట్లో తగ్గేలా లేదు. సొంత ఊరికి దగ్గర్లో పని కావాలనుకునేవాళ్ళు దీన్ని ఆలోచించవచ్చు.

ఉద్యోగాల సంఖ్యలో మాత్రం నర్సింగే ముందుంటుంది. ఒక ఆసుపత్రికి అనస్థీషియా టెక్నీషియన్లు కొద్దిమంది చాలు, నర్సులు ప్రతి వార్డుకూ మూడు షిఫ్టులకూ కావాలి.

పారామెడికల్ అని ఒకరు, అలైడ్ హెల్త్ అని ఒకరు అంటున్నారు. రెండూ ఒకటేనా?

జనం వాడే మాట పారామెడికల్. కాగితాల మీద ఇప్పుడు అలైడ్ హెల్త్ అని వస్తోంది. 2021లో పార్లమెంటు ఈ వృత్తులకు విడిగా జాతీయ కమిషన్ చట్టం చేసింది. ల్యాబ్, ఇమేజింగ్, ఫిజియోథెరపీ, డయాలసిస్, ఆప్టోమెట్రీ లాంటి వృత్తుల్ని పది విభాగాలుగా అందులో చేర్చారు. నర్సింగ్ ఈ చట్టం కిందికి రాదు, దానికి వేరే కౌన్సిల్ ఉంది.

చూడాల్సింది డిప్లొమానా, డిగ్రీనా అని. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నాలజీ డిప్లొమా) లాంటి డిప్లొమాలు పారామెడికల్ బోర్డు కింద నడుస్తాయి. బీఎస్సీ కోర్సులు యూనివర్సిటీవి, సాధారణంగా నాలుగేళ్ళు, చివరి ఏడాది ఇంటర్న్‌షిప్. కాలేజీ బోర్డు మీద ఏం రాసుందో కాదు, చివర్లో చేతికొచ్చే పట్టా మీద ఎవరి పేరు ఉంటుందో అడగండి.

మగపిల్లలు నర్సింగ్ చదివితే బాగుంటుందా?

బాగానే ఉంటుంది. ఐసీయూ, ఎమర్జెన్సీ, డయాలసిస్, మానసిక వైద్యశాలల్లో మగ నర్సుల్ని అడిగి మరీ తీసుకుంటారు. ఇబ్బంది ప్రభుత్వ నియామకాల్లో ఉంది. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పోస్టుల్లో 80 శాతం మహిళలకే. మిగిలిన 20 శాతానికి మగపిల్లలంతా పోటీ పడాలి. ఇది ముందే తెలుసుకుని చేరితే తర్వాత బాధ ఉండదు. అన్ని కాలేజీలూ మగపిల్లల్ని తీసుకోవు, కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టే ముందు అడగండి.

మంచి కాలేజీ అని ఎట్టా తెలుసుకునేది?

బిల్డింగు చూసి మోసపోవద్దు, ఆసుపత్రి చూడండి. నర్సింగ్ నేర్చుకునేది మంచం పక్కన. ఏసీ క్లాసురూములు, పెద్ద గేటు ఉండి వార్డులో రోగులు లేకపోతే నాలుగేళ్ళూ బొమ్మకే ఇంజక్షన్లు చేసి బయటికొస్తారు. కొత్తగా నర్సింగ్ కాలేజీ పెట్టాలంటే వంద పడకల సొంత ఆసుపత్రి ఉండాలని, ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగుల చొప్పున చూపాలని నర్సింగ్ కౌన్సిల్ అడిగేది ఇందుకే.

చేరేముందు ఒకరోజు ఉదయం పది గంటలప్పుడు ఎవరికీ చెప్పకుండా ఆ ఆసుపత్రికి వెళ్ళి ఓపీ దగ్గర కూర్చోండి. జనం ఉన్నారా, మంచాలు నిండి ఉన్నాయా, యూనిఫారం పిల్లలు పని చేస్తున్నారా, గోడకు ఆనుకుని నిలబడ్డారా, గంటలో తెలిసిపోతుంది. సొంత ఆసుపత్రి చిన్నదైతే పిల్లల్ని ఇంకెక్కడికి పంపుతున్నారో అడగండి. నెల్లూరులో ఏసీఎస్ఆర్ మెడికల్ కాలేజీకి అనుబంధమైన పెద్దాసుపత్రి, ఒంగోలులో జనం ఇప్పటికీ రిమ్స్ అనే ప్రభుత్వ ఆసుపత్రి ఎప్పుడూ కిటకిటలాడుతుంటాయి. అలాంటి చోట పోస్టింగ్ దొరికే పిల్లలు అదృష్టవంతులు.

ఆ తర్వాత కాగితాలు. యూనివర్సిటీ అనుబంధం ఈ ఏడాదికి ఉందా, నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఎన్ని సీట్లకు ఉంది అన్నవి వాళ్ళ వెబ్‌సైట్లలోనే చూడండి, కాలేజీ ఇచ్చే జిరాక్సులో కాదు.

బెంగళూరులో సీటు ఇప్పిస్తామని ఏజెంట్ వచ్చాడు. పంపమంటారా?

బెంగళూరులో మంచి కాలేజీలు చాలా ఉన్నాయి, వాటికి ఏజెంట్ల అవసరం లేదు. 'క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షకు వస్తే చాలు' అని ఎవరన్నా అంటే అక్కడితో మాట ఆపేయండి. నర్సింగ్‌లో ప్రతి ప్రాక్టికల్ విభాగంలో నూరు శాతం హాజరు పూర్తయితేనే పట్టా ఇవ్వాలని నియమం. రాకుండా ఇచ్చే పట్టా రేపు వెరిఫికేషన్లో నిలవదు. దానితో ఉద్యోగంలో చేరి ఎవరి చేతికో తప్పు మందు ఎక్కిస్తే ఆ ఏజెంట్ ఫోన్ ఎత్తడు.

## కౌన్సెలింగ్, ఫీజులు

నెల్లూరు వాళ్ళకూ ఒంగోలు వాళ్ళకూ లోకల్ వేరు అంటున్నారు. నిజమేనా?

నిజమే. పక్కపక్క జిల్లాలైనా ప్రకాశం ఆంధ్రా యూనివర్సిటీ పరిధి, నెల్లూరు శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ పరిధి. కన్వీనర్ సీట్లలో (యూనివర్సిటీ కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చేవి) 85 శాతం ఆయా ప్రాంతం లోకల్ పిల్లలకు, మిగతా 15 శాతం అందరికీ. ఒంగోలు అమ్మాయికి గుంటూరు, విజయవాడ కాలేజీల్లో లోకల్ వర్తిస్తుంది. నెల్లూరు అమ్మాయికి తిరుపతి, కడప వైపు వర్తిస్తుంది. దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు ఊళ్ళ మధ్య ఇంత తేడా ఉందని చాలామంది ఆప్షన్లు పెట్టే రోజు దాకా తెలుసుకోరు.

కందుకూరు వైపు వాళ్ళకు ఇంకో తికమక. 2022 జిల్లాల విభజనలో కందుకూరును ప్రకాశం నుంచి నెల్లూరులో కలిపినప్పటి నుంచి మేం ఎస్వీయూనా (శ్రీ వేంకటేశ్వర యూనివర్సిటీ పరిధి) అని అడుగుతున్నారు. లోకల్ ఏరియా పాత ఉమ్మడి జిల్లాల మీద కట్టింది. పైగా మొదట చూసేది ఇల్లు ఎక్కడన్నది కాదు, ఇంటర్ వరకు వరుసగా నాలుగేళ్ళు ఎక్కడ చదివారన్నది. తొమ్మిది, పది కందుకూరులో, ఇంటర్ నెల్లూరు హాస్టల్లో చదివిన పిల్లలు స్టడీ సర్టిఫికెట్లు ముందు పెట్టుకుని హెల్ప్‌లైన్ సెంటర్లో అడిగాకే ఆప్షన్లు పెట్టండి.

ఏమేం సర్టిఫికెట్లు రెడీగా పెట్టుకోవాలి?

పదో తరగతి మెమో (పుట్టిన తేదీకి ఇదే ఆధారం), ఇంటర్ మెమో, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం లేదా రేషన్ కార్డు, ఆధార్, ఫొటోలు. ఈడబ్ల్యూఎస్ వాళ్ళు ఆ ఏడాదిదే తెచ్చుకోవాలి. పేరులో ఒక అక్షరం తేడా ఉన్నా ఇప్పుడే సరిచేయించండి. పదో తరగతి మెమోలో ఒక స్పెల్లింగు, ఆధార్‌లో ఇంకోటి ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర మొదలై పాస్‌పోర్టు దాకా వెంటాడుతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందా?

కన్వీనర్ కోటాలో సీటు వచ్చి, ఆదాయ పరిమితి లోపల ఉంటే దరఖాస్తు చేసుకోవచ్చు. మేనేజ్‌మెంట్ కోటాకు (కాలేజీ సొంతంగా నింపుకునే సీట్లు) రాదు. ఇది తెలియకే కొందరు కౌన్సెలింగ్ ఆఖరి విడత దాకా ఆగకుండా తొందరపడి మేనేజ్‌మెంట్ సీటు కొనేస్తారు. డబ్బు ఆలస్యంగా రావడం మామూలే. ఒకటి రెండు విడతలు ఇంట్లోంచి కట్టగలిగే ఏర్పాటు చేసుకోండి, కట్టిన ప్రతిదానికీ రసీదు తీసుకోండి.

ట్యూషన్ ఫీజు ఒక్కటే లెక్క వేసుకోవద్దు. హాస్టల్, బస్సు, యూనిఫారం, బూట్లు, రికార్డులు, పరీక్ష ఫీజు అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో కాగితం మీద రాసిమ్మనండి. రాసివ్వని కాలేజీని నేనైతే నమ్మను.

ఒరిజినల్స్ కాలేజీలో పెట్టుకుంటామంటున్నారు. ఇవ్వాలా?

వెరిఫికేషన్ అయ్యాక ఒరిజినల్స్ తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లోనే చెప్పింది. అయినా అడిగే కాలేజీలు ఉన్నాయి. తప్పక ఇవ్వాల్సి వస్తే ఏమేం ఇచ్చారో జాబితా రాసి సంతకం, ముద్ర వేయించుకోండి. అన్నీ స్కాన్ చేసి, డిజిలాకర్లో దొరికేవి అక్కడ కూడా ఉంచుకోండి.

## చదువుతున్నప్పుడు

తెలుగు మీడియంలో చదివాను. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయంట. టెన్షన్‌గా ఉంది.

మొదటి సెమిస్టర్ కష్టంగానే ఉంటుంది, దాచేదేం లేదు. అనాటమీ పేర్లు తెలుగు మీడియం వాళ్ళకే కాదు, ఇంగ్లీషు మీడియం వాళ్ళకూ కొత్తే. కష్టమయ్యేది వాక్యాలు రాయడం దగ్గర. రోజూ ఒక పేజీ చూసి రాయకుండా, చదివింది మూసేసి సొంతంగా ఐదు వాక్యాలు రాయండి. సంక్రాంతి సెలవుల నాటికి మీకే తేడా తెలుస్తుంది.

ఒక సంగతి గుర్తుంచుకోండి, వార్డులో తెలుగే మీ బలం. 'కడుపులో దేవుతోందమ్మా' అని ఆత్మకూరు ముసలమ్మ చెబితే దాన్ని కేస్ షీటులో నాసియా (వికారం) అని రాయాలి. 'గుండెల్లో మంట' అంటే అది గ్యాసా, గుండె నొప్పా అని ఇంకో నాలుగు ప్రశ్నలు అడగాలి. ఆ మాట సరిగ్గా పట్టుకోగలిగేది ఆ యాస తెలిసిన పిల్లలే.

ఏయే సబ్జెక్టులు ఉంటాయి? ఎంత వస్తే పాస్?

2021 నుంచి బీఎస్సీ నర్సింగ్ సెమిస్టర్ పద్ధతిలోకి మారింది, మొత్తం ఎనిమిది. మొదటి ఏడాది అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, న్యూట్రిషన్, సైకాలజీ, సోషియాలజీ, నర్సింగ్ ఫౌండేషన్. రెండో ఏడాది మైక్రోబయాలజీ, ఫార్మకాలజీ, పాథాలజీ, పెద్దల వ్యాధుల నర్సింగ్. ఆ తర్వాత పిల్లల నర్సింగ్, మానసిక ఆరోగ్యం, కమ్యూనిటీ, ప్రసూతి నర్సింగ్, పరిశోధన. ఎనిమిదో సెమిస్టర్ ఇంటర్న్‌షిప్.

థియరీలో 50, ప్రాక్టికల్లో 50 శాతం విడివిడిగా రావాలి. కమ్యూనికేటివ్ ఇంగ్లీషుకు, ఎలెక్టివ్‌లకు (మనమే ఎంచుకునే సబ్జెక్టులు) 40 చాలు. పరీక్షకు కూర్చోవాలంటే 80 శాతం హాజరు తప్పదు. ఎక్కువమంది తట్టుకునేది ఫార్మకాలజీ దగ్గర. మందుల పేర్లు బట్టీ పట్టకుండా, వార్డులో మీకిచ్చిన రోగి కేస్ షీటులో ఉన్న మందుల్ని ఆ సాయంత్రమే చదవండి. ముఖంతో ముడిపడిన మందు మర్చిపోరు.

మా సీనియర్ల మెమోలో వైఎస్సార్ యూనివర్సిటీ అని ఉంది, మాకు ఎన్టీఆర్ అంటున్నారు. వేరే యూనివర్సిటీనా?

ఒకటే. విజయవాడలో 1986లో మొదలైన హెల్త్ యూనివర్సిటీ అది. తర్వాత ఎన్టీఆర్ పేరు పెట్టారు, 2022లో వైఎస్సార్ పేరుకు మార్చారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరే తెచ్చారు. పట్టా విలువలో తేడా లేదు. విదేశాలకు దరఖాస్తు చేసేవాళ్ళు మాత్రం ఒక మెమోలో ఒక పేరు, ఇంకోదాంట్లో ఇంకో పేరు ఉంటే, పేరు మార్పు ఉత్తర్వు కాపీ కూడా జత చేస్తే అనవసరపు ప్రశ్నలు రావు.

## వార్డులో

రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయి. నాకు నర్సింగ్ పనికిరాదేమో?

మొదటి డ్రెస్సింగ్ చూసి కింద కూలబడిన పిల్లలు తర్వాత థియేటర్ నర్సులయ్యారు. ఖాళీ కడుపుతో వార్డుకు పోవద్దు. తల తేలిగ్గా అనిపిస్తే మొహమాటపడకుండా చెప్పి కూర్చోండి, నిలబడి పడిపోతే తలకు దెబ్బ తగులుతుంది. నెల, రెండు నెలల్లో అలవాటవుతుంది. అప్పటికీ కాకపోతే టీచర్‌తో మాట్లాడండి.

సూది గుచ్చుకుంటే ఏం చేయాలి? సిస్టర్ తిడుతుందని చెప్పకుండా ఉండొచ్చా?

చెప్పకుండా ఉండకూడదు. వెంటనే సబ్బుతో, పారే నీళ్ళతో కడగండి. వేలు పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు. అప్పటికప్పుడు డ్యూటీ సిస్టర్‌కు, కాలేజీ టీచర్‌కు చెప్పి రిజిస్టర్లో రాయించండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు అవసరమైతే రెండు గంటల్లోపు మొదలుపెట్టడం మేలు, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. తిట్టు రెండు నిమిషాలు ఉంటుంది, అంతే.

క్లినికల్స్ (వార్డు పోస్టింగ్‌లు) మొదలయ్యే ముందే హెపటైటిస్ బి టీకా వేయించుకోవాలి. మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. వాడిన సూదికి మళ్ళీ మూత పెట్టొద్దు, గుచ్చుకునేవి ఎక్కువగా అప్పుడే.

చెత్త డబ్బాల రంగులు గుర్తుండటం లేదు.

రక్తం అంటిన దూది, గాజుగుడ్డ పసుపులో. సెలైన్ గొట్టాలు, సూది తీసేసిన సిరంజీలు ఎరుపులో. సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో. మందుల గాజు సీసాలు నీలంలో.

నైట్ డ్యూటీలు ఉంటాయా? మా నాన్న ఒప్పుకోవడం లేదు.

ఉంటాయి. రాత్రి రోగి ఎలా ఉంటాడో చూడకుండా నర్సు కాలేరు. నాన్నగారికి చెప్పాల్సింది, అడగాల్సింది భద్రత గురించి. హాస్టల్ నుంచి ఆసుపత్రికి కాలేజీ బస్సేనా, రాత్రి పిల్లలతో టీచర్ ఉంటారా, డ్యూటీ రూముకు గడియ ఉందా. ఈ మూడింటికీ సరైన జవాబిచ్చిన కాలేజీని నమ్మొచ్చు.

## కోర్సు పూర్తయ్యాక

పట్టా చేతికొచ్చింది. వెంటనే ఉద్యోగంలో చేరొచ్చా?

ముందు ఏపీ నర్సెస్ అండ్ మిడ్‌వైవ్స్ కౌన్సిల్లో రిజిస్టర్ చేయించుకోవాలి. అది లేకుండా స్టాఫ్ నర్సుగా పని చేయకూడదు. చెన్నైలోనో బెంగళూరులోనో చేరాలంటే ఆ రాష్ట్ర కౌన్సిల్‌కు రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. నెల్లూరు పిల్లలు చెన్నై దగ్గరని ఎక్కువగా అటు వెళ్తారు కాబట్టి చెబుతున్నాను.

ప్రభుత్వ ఉద్యోగం ఎట్టా వస్తుంది?

జిల్లాలో వచ్చే కాంట్రాక్ట్ స్టాఫ్ నర్సు పోస్టులకు చాలాసార్లు రాత పరీక్ష ఉండదు, కోర్సులో వచ్చిన మార్కుల మెరిటే ప్రధానం. అందుకే 'పాసైతే చాలు' అనుకున్నవాళ్ళు నాలుగేళ్ళ తర్వాత బాధపడతారు. ఊళ్ళలో ఆరోగ్య కేంద్రాల్లో ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్) పోస్టులకు బీఎస్సీ నర్సింగ్ వాళ్ళనే తీసుకుంటారు. మంగళగిరి సహా ఎయిమ్స్‌లన్నిటికీ కలిపి నార్సెట్ అనే ఒకే పరీక్ష ఉంది. బీఎస్సీ వాళ్ళు నేరుగా రాయొచ్చు, జీఎన్ఎం వాళ్ళకు యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం ఉండాలి.

గల్ఫ్, జర్మనీ, లండన్... ఎక్కడికి పోతే మంచిది?

గల్ఫ్‌కు ప్రోమెట్రిక్ లాంటి లైసెన్సు పరీక్ష, డేటాఫ్లో అనే సంస్థతో సర్టిఫికెట్ల వెరిఫికేషన్, కొంత అనుభవం కావాలి. బ్రిటన్‌కు ఐఈఎల్‌టీఎస్ లేదా ఓఈటీ అనే ఇంగ్లీషు పరీక్ష, ఆపై వాళ్ళ నర్సింగ్ కౌన్సిల్ పరీక్షలు. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే నర్సుల లైసెన్సు పరీక్ష. జర్మనీకి జర్మన్ భాష రావాలి, అది నెలల పని.

ముందు రెండేళ్ళు ఇక్కడే మంచి ఐసీయూలో పని చేసి వెళ్ళమంటాను. కువైట్‌కు మన వైపు నుంచి ఎప్పటి నుంచో పోతున్నారు కాబట్టి ప్రతి ఊళ్ళో ఒక ఏజెంట్ ఉంటాడు. నర్సుల్ని అలాంటి దేశాలకు పంపాలంటే ప్రభుత్వం గుర్తించిన సంస్థల ద్వారానే పంపాలి. మన రాష్ట్రానికి ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది, ముందు అక్కడ కనుక్కోండి. పాస్‌పోర్టు ఎవరి చేతిలోనూ పెట్టొద్దు.

పెళ్ళయ్యాక కొన్నేళ్ళు పని మానేశాను. మళ్ళీ చేరొచ్చా?

చేరొచ్చు. ముందు రిజిస్ట్రేషన్ అమల్లో ఉందో లేదో చూసుకోండి, గడువు దాటితే రెన్యువల్ చేయించుకోవాలి. రెన్యువల్‌కు నిరంతర నర్సింగ్ విద్య (ఉద్యోగంలో ఉంటూ హాజరయ్యే వర్క్‌షాప్‌లు, క్లాసులు) గంటలు అడుగుతారు, ఐదేళ్ళకు 150 గంటలన్నది కౌన్సిల్ లెక్క. కాబట్టి హాజరైన ప్రతి వర్క్‌షాప్ సర్టిఫికెట్ దాచుకోండి. నేరుగా ఐసీయూకు పోకుండా జనరల్ వార్డులోనో, ఓపీలోనో మొదలుపెట్టండి. మందుల డోసులు, కొత్త యంత్రాలు ఒకటి రెండు నెలల్లో చేతికొస్తాయి. ఇంటర్వ్యూలో గ్యాప్ ఎందుకని అడిగితే పిల్లల్ని పెంచానని ఉన్నదున్నట్టు చెప్పండి.